నీలం జెల్ పంటిని తినేస్తుందా?

ప్ర: రెండున్నరేళ్ల కిందట దవడ పంటికి పంటి రంగు సిమెంట్ పెట్టించుకున్నాను. ఇప్పుడు దాని అంచున గోధుమరంగు గీత కనిపిస్తోంది, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది. సిమెంటుకు ముందు నీలం జెల్ రాసి ఆసిడ్ అన్నారు. అదే నా పంటిని తినేసిందా?
– ఒక పాఠకురాలు, తాడిపత్రి

జ: లేదమ్మా. ఆ జెల్ 35–37 శాతం ఫాస్ఫారిక్ ఆసిడ్. కొన్ని సెకన్లు ఉంచి నీళ్లతో కడిగేస్తారు, అక్కడితో దాని పని అయిపోతుంది. తర్వాత నెమ్మదిగా జరిగే కోతకు కత్తెర పంటిలోనే ఉంది.

పైనున్న ఎనామెల్ దాదాపు అంతా ఖనిజమే. దాని కింది డెంటిన్ బరువులో ఖనిజం 70 శాతం, కొల్లాజెన్ పీచు వంటివి 20 శాతం, మిగతాది నీరు. పన్ను తయారయ్యేటప్పుడే ఆ పీచును కోసే ఎంజైములు, అంటే ఎంఎంపీలు, కాథెప్సిన్లు, ఖనిజంలో చిక్కుకుపోయి నిద్రపోతుంటాయి. ఆసిడ్ సుమారు 5–8 మైక్రాన్ల లోతు వరకు ఖనిజాన్ని కరిగించి పీచును బయటపెడుతుంది. సిమెంటును పంటికి అతికించే జిగురు, అంటే బాండ్, ఆ పీచుల సందుల్లోకి దిగి గట్టిపడాలి. దిగని చోట పీచు తడిగా, బోసిగా మిగిలిపోతుంది. ఫాస్ఫారిక్ ఆసిడ్ ఘాటుకు కొన్ని ఎంజైములు చెడినా, తర్వాత పూసే బాండ్‌లోని మెతక ఆసిడ్ మిగిలినవాటిని లేపుతుంది. తడి ఉన్నంతకాలం అవి పీచును తెంచుతూనే ఉంటాయి. అతుకు వదులై, సందులోకి సూక్ష్మజీవులు చేరతాయి.

కాబట్టి తప్పు జరిగేది జెల్‌ను ఎన్ని సెకన్లు ఉంచామన్న దగ్గర. ఎనామెల్‌కు 30 సెకన్లు పట్టినా డెంటిన్‌కు 15 దాటకూడదు, దాటితే బాండ్ దిగలేనంత లోతున పీచు బయటపడుతుంది. జెల్ ముందు అంచులకు, చివరి 15 సెకన్లకు మాత్రమే లోపలికి రాయాలి. మన అనంతపురం వైపు ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై మచ్చలు పడ్డ) పళ్లలో ఎనామెల్ ఆసిడ్‌కు సులభంగా లొంగదు, ఇంకాసేపు ఉంచాల్సి వస్తుంది. ఆ అదనపు సమయం అంచులకే, డెంటిన్‌కు కాదు. కడిగాక గాలి కొట్టి సుద్దలా ఆరబెట్టడం మరో పొరపాటు. తడిసిన పత్తి ఎండి అట్టకట్టినట్టు పీచు కూలిపోతే బాండ్ దిగదు. దూదితో అద్ది, పైన సన్నని మెరుపు మిగలనివ్వాలి.

కడిగాక క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందును 2 శాతం గాఢతలో 30–60 సెకన్లు రాసి, మళ్లీ కడగకుండా అద్దేస్తే, ఎంఎంపీలకు కావలసిన జింకును అది పట్టేసుకుంటుంది. కొంతకాలానికి అది కారిపోతుంది కనుక అరుగుదల నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. ఇంట్లో పుక్కిలించే 0.2 శాతం మందు సిమెంటు కిందికి చేరదు, దానికోసం కొనకండి. ఎనామెల్ అంచులకు మాత్రమే జెల్ రాసి, డెంటిన్‌కు ఎండీపీ (పంటి ఖనిజాన్ని పట్టుకునే రసాయనం) ఉన్న బాండ్‌ను 20 సెకన్లు రుద్దడం మాకు ఎక్కువ నచ్చే పద్ధతి.

మీ గీత ఉత్త మరక కావచ్చు, కింద పుచ్చూ కావచ్చు. జివ్వుమంటోంది కనుక ఎక్స్‌రే తీయించండి. అంచు వరకే చెడితే ఆ ముక్క తీసి అతికిస్తే సరిపోతుంది, సిమెంటు మొత్తం పీకనక్కరలేదు.

ప్ర: రోజూ చీనీ (బత్తాయి) రసం తాగుతాను. చిగుళ్ల దగ్గర పళ్లు గుంటలు పడుతున్నాయి.
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జ: చిగురు దిగిన చోట డెంటిన్ బయటే ఉంటుంది. రసంలోని పులుపు ఖనిజాన్ని మెత్తబరిస్తే, మిగిలిన పీచును ఉమ్మిలోని ఎంజైములూ తెంచగలవు. ఆ వెంటనే గట్టి బ్రష్ పెడితే మెత్తబడిన పొర లేచిపోతుంది. భోజనంతోపాటే తాగండి, చప్పరించకండి. వెంటనే మామూలు నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగి మెత్తని బ్రష్‌తో తోముకోండి.