వంటింటి గట్టు రాయి రంగు వదిలితే కాంట్రాక్టరును నిలదీయవచ్చా?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. వంటింటి గట్టుకు 'జెట్ బ్లాక్ గ్రానైట్, 18 ఎంఎం' అని కాంట్రాక్టరు కొటేషన్ రాసిచ్చాడు. రాయికీ బిగింపుకీ కలిపి 38,500 రూపాయలు యూపీఐలో పంపాం. బిల్లు ఇవ్వలేదు. నాలుగు నెలలకే నిమ్మరసం, చింతపండు పులుసు పడిన చోటల్లా బూడిదరంగు మచ్చలు వచ్చాయి. సింకు మూల నుంచి అంచు దాకా పగులు కూడా ఉంది. అడిగితే 'సహజమైన రాయికి గ్యారంటీ ఉండదమ్మా, మీరే వేడి గిన్నెలు పెట్టుంటారు' అంటున్నాడు. వచ్చే వారం ఇది తీయించి క్వార్ట్జ్ వేయిద్దామనుకుంటున్నాం. మా డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: ముందు ఆ వచ్చే వారం పని ఆపించండి. మీ కేసుకు అసలు సాక్ష్యం ఆ రాయే. దాన్ని పగలగొట్టి బయట పారేశాక మీ మాటొకటి, ఆయన మాటొకటి మిగులుతాయి, అంతే.

మీ ఫిర్యాదులో రెండు సంగతులున్నాయి, రెండింటికీ బలం ఒకేలా లేదు. మచ్చల సంగతి గట్టిది. అసలైన గ్రానైట్‌ను నిమ్మరసం ఏమీ చేయదు. కడప రాయిలో, పాలరాయిలో సున్నం పాలు ఎక్కువ కాబట్టి పులుపు వాటి మెరుపును తినేస్తుంది. అంటే మీకు నల్ల సున్నపురాయి అంటగట్టి ఉండాలి, లేదా బూడిదరంగు గ్రానైట్‌కు నల్లరంగు పట్టించి అమ్మి ఉండాలి. ఏదైనా సరే, కొటేషన్‌లో రాసిన సరుకు కాదు. 'సహజమైన రాయి' అనే జవాబు గీతలకు, చుక్కలకు, ఛాయ తేడాలకు సరిపోతుంది గానీ పూసిన రంగుకు సరిపోదు.

రంగు వేసిందీ లేనిదీ ఇంట్లోనే చూసుకోవచ్చు. స్టవ్ వెనక అంతగా వాడని చోట సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. జిడ్డూ మసీ అంటుకుందని రేపు ఆయన అనకుండా ఈ కడగడం కూడా వీడియోలో రావాలి. స్టవ్ ఆపి, కిటికీ తెరిచి, తెల్ల దూదిని అసిటోన్‌లో (గోళ్ల రంగు తుడిచే ద్రవాల్లో వాడేది) ముంచి అర నిమిషం రుద్దండి. దూది నల్లబడితే రంగు వేసినట్టే. నల్లబడకపోతే అది సున్నపురాయేమో ల్యాబ్‌లో తేలుతుంది. తర్వాత మందం కొలవండి. ముందు అంచు దగ్గర కొలిస్తే లాభం లేదు, అక్కడ రెండు పలకలు అతికించి మోల్డింగ్ చేస్తారు. సింకు కింద నుంచి, కోసిన చోట టేపు పెట్టి ఫొటో తీయండి.

పగులు సంగతి అంత సులువు కాదు. సింకు కోత మూలను గుండ్రంగా తిప్పకుండా నిటారుగా కోస్తే, లేదా అక్కడ కింద ఆధారం లేకపోతే, బరువంతా ఆ మూల మీద పడి పగులు అక్కడే మొదలవుతుంది. మీది అలాంటిదే అయితే అది పనితనంలో లోపం. అయినా పగులు ఒక్కదాని మీదే కేసు నిలబెట్టకండి. వాడకం వల్లే వచ్చిందని వాదించడం ఆయనకు తేలిక.

ఇక చట్టం. సరుకూ పనీ రెండూ ఆయనే ఇచ్చాడు కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సరుకులో లోపం, సేవాలోపం రెండూ అడగవచ్చు. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. కొటేషన్, యూపీఐ రసీదు, వాట్సాప్ సంభాషణ ఉంటే చాలు, బిల్లు లేదని వెనక్కి తగ్గకండి. వాట్సాప్ ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయండి.

మొదట 15 రోజుల గడువిస్తూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం దీన్ని తప్పనిసరి చేయలేదు, కానీ రాయి చూసుకోవడానికి ఆయనకు అవకాశం ఇచ్చారని దీనితో రుజువవుతుంది. జవాబు రాకపోతే బెంగళూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఆయన ఆఫీసు హోసూరులో ఉన్నా సరే, మీరు ఉంటున్న చోటే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. 'పండగయ్యాక వచ్చి చూస్తా' అని ఆయన పెట్టే మెసేజ్‌లతో ఆ గడువు పెరగదు.

ఫిర్యాదుతో పాటే, రాయిని ల్యాబ్‌కు పంపమని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద దరఖాస్తు పెట్టండి. పరీక్ష ఖర్చు ముందు మీరే కట్టాలి. ల్యాబ్ 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలని చట్టం చెబుతోంది. సింకు కోసినప్పుడు మిగిలిన ముక్క ఇంట్లో ఉంటే భద్రం చేయండి, ఆ సంగతి నోటీసులోనూ రాయండి.

వంటిల్లు అన్నాళ్లు ఆపలేరని నాకు తెలుసు. నోటీసు గడువు అయ్యాక, తీసే రోజూ సమయమూ ఆయనకు రాతపూర్వకంగా చెప్పండి. బయటి సివిల్ ఇంజనీరుతో చూపించి, సంతకంతో నివేదిక తీసుకుని, ఆ తర్వాతే తీయించండి. మచ్చ ఉన్న ముక్క, పగులు ఉన్న ముక్క కనీసం అడుగు చొప్పున దాచండి.

కట్టిన సొమ్ము, దానిపై వడ్డీ, కేసు ఖర్చులు, మితంగా నష్టపరిహారం అడగండి. 38,500 పనికి 5 లక్షల పరిహారం అడిగితే మీ మాట విలువే తగ్గుతుంది.

క్వార్ట్జ్ విషయంలో ఒక హెచ్చరిక. అందులో రాతిపొడిని రెజిన్‌తో గట్టిపరుస్తారు. పొయ్యి మీది మూకుడు నేరుగా దించితే ఆ రెజిన్ మాడి మచ్చ పడుతుంది, అది వారంటీలోకి రాదు. రోజూ పోపులు, వేపుళ్లు ఉండే ఇంటికి మంచి గ్రానైటే మేలని నా అభిప్రాయం. ఏది వేసినా, రాయి పేరు, కనీస మందం, 'రంగు పట్టించనిది' అనే మాట, వేస్టేజీ కలిపో విడిగానో చదరపు అడుగుల లెక్క కాగితం మీద ఉండాలి. జీఎస్టీ బిల్లులో హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే అంకె) చూడండి: పాలిష్ చేసిన సహజ రాయికి 6802తో, కృత్రిమ రాయికి 6810తో మొదలవుతుంది. పదిశాతం సొమ్ము నెల రోజుల తర్వాత ఇస్తానని ముందే రాయించుకోండి.