పిల్లల బొమ్మల పుస్తకాలకు బొమ్మలు వేస్తూ బతకొచ్చా? రోజువారీ పని ఎలా ఉంటుంది?

బతకొచ్చు. కానీ మొదటి కొన్నేళ్లు దీని ఒక్కదాని మీదే ఇల్లు గడవడం కష్టం. డబ్బుల సంగతి కింద చెప్తాను. మీరు అడిగిన తీరు చూస్తే (డిగ్రీ అయిపోయింది, బొమ్మలు బాగా వేస్తాను, ఇన్‌స్టాగ్రామ్‌లో అందరూ మెచ్చుకుంటున్నారు, ఇదే వృత్తిగా పెట్టుకుంటే ఎలా ఉంటుంది అన్నారు) అసలు ఇందులో పనేమిటో ముందు చెప్పడం మంచిదనిపించింది. నేను హైదరాబాద్‌లో ఉంటాను, చాలా ఏళ్లుగా ఇదే నా పని, అందుకని నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

బొమ్మ అందంగా రావడం ఈ పనిలో సగం కూడా కాదు. మనలో చాలామంది చందమామ పత్రిక చూసి బొమ్మల మీద మనసు పారేసుకున్నవాళ్లే. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు, భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే శంకర్ గారి విక్రమార్కుడు, ఇవి చూసి పెన్సిల్ పట్టుకున్నవాళ్లం. కానీ అవి పత్రిక బొమ్మలు. కథంతా అక్షరాల్లోనే ఉంటుంది, అందులోంచి ఒక ఘట్టం ఏరుకుని వేస్తారు, బొమ్మ తీసేసినా కథకు లోటు రాదు. బొమ్మల పుస్తకంలో పేజీకి రెండు వాక్యాలుంటే ఎక్కువ, ఒక్కోసారి ఒక్క మాటే ఉంటుంది. మిగతా కథంతా బొమ్మే చెప్పాలి, పైగా అక్షరాలు చెప్పిన ముక్కనే మళ్లీ చెప్పకూడదు. "పాప ఏడ్చింది" అని రాసి ఉన్నచోట ఏడుస్తున్న పాపను వేసి ఊరుకుంటే ఆ పేజీ వేస్ట్.

ఒక ఉదాహరణ చెప్తాను. ఐదేళ్ల పాప నానమ్మతో కలిసి అంగడికి, అంటే సంతకి, వెళ్లే కథ ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఒక పేజీలో ఉన్నదల్లా "అంగడిలో చాలామంది ఉన్నారు" అన్న ముక్క. ఇది చదవగానే ఎవరికైనా తట్టేది పైనుంచి చూస్తున్నట్టు జనం, గుడారాలు, రంగురంగుల కూరగాయల కుప్పలు. వేయడానికి సరదాగా ఉంటుంది, చూడటానికీ బాగుంటుంది, ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులూ వస్తాయి. కానీ అలా చూసేది ఎవరు? ఆ పాప కళ్లు పెద్దవాళ్ల నడుము ఎత్తులో ఉంటాయి. అందుకని రెండు పేజీలూ కలిపి మొత్తం కాళ్లే వేశాను. పంచె అంచులు, ప్యాంట్లు, ప్లాస్టిక్ సంచులు, ఎవరి చేతిలోనో తలకిందులుగా వేలాడుతూ సరిగ్గా పాప ముఖంలోకే చూస్తున్న కోడి. ఆ కాళ్ల గుంపులో నానమ్మను గుర్తుపట్టాలంటే ఏదో ఒక ఆనవాలు ఉండాలి కదా, ఆవిడ కాళ్లకు వెండి కడియాలు పెట్టాను. ఆవిడది గోచి కట్టు, కాబట్టి చీర పాదాలను కప్పేయదు, కడియం బాగా కనపడుతుంది. మామూలు కట్టు అయ్యుంటే ఈ ఉపాయం పారేది కాదు. ఆ తర్వాతి పేజీల్లో పాప తప్పిపోతుంది, చదివే పిల్లలు కడియం కోసం వెతుక్కుంటూ పోతారు. కథలో ఎక్కడా కడియం అన్న మాటే లేదు. కథ రాసినావిడ రఫ్‌లు (రంగులు వేయకముందు గీసే చిత్తు బొమ్మలు) చూసి, పాప నానమ్మ కోసం ఎలా వెతికిందో చెప్పే రెండు వాక్యాలు తీసేశారు, ఇక అవి అక్కర్లేదని. ఈ పనిలో నాకు దొరికిన పెద్ద మెప్పు అదే.

ఆ బొమ్మ కోసం వికారాబాద్ వైపు ఒక ఊరి అంగడికి వెళ్లి నేల మీద చతికిలపడి స్కెచ్‌లు వేసుకున్నాను. ఇంటర్నెట్‌లో "విలేజ్ మార్కెట్" అని కొడితే వచ్చే ఫోటోలు చూసి వేస్తే అది ఏ ఊరూ కాకుండా పోతుంది. టార్పాలిన్ తాళ్లు పెద్దవాళ్ల తలలకు ఎక్కడ తగులుతాయి, మిరపకాయలు పోసిన గోనెసంచి అంచు ఎలా మడిచి ఉంటుంది, ఇవి అక్కడ కూర్చుంటేనే తెలుస్తాయి. తక్కెడ వేయాలని వెళ్తే అక్కడ చాలావరకు ఎలక్ట్రానిక్ కాటాలే ఉన్నాయి, ఎండుమిర్చి పక్కన ఫోన్‌పే స్కానర్ అట్ట నిలబెట్టి ఉంది. అదీ వేశాను. పల్లెటూరంటే తక్కెడ, ఎడ్లబండి, పెంకుటిల్లు తప్ప ఇంకేమీ ఉండకూడదనే పట్టుదల మన బొమ్మల్లో ఎక్కువైపోయిందని నా అభిప్రాయం. ఆ ఊళ్లో పుట్టిన పిల్లలకు అది వాళ్ల తాతల ఊరిలా కనిపిస్తుంది.

ఇక రోజూ బల్ల దగ్గర జరిగేది చెప్తాను. కథ రాగానే రంగులు తీస్తే పని చెడుతుంది. ముందు పేజీలు లెక్కేసుకోవాలి. పెద్ద షీటు మీద రెండు వైపులా అచ్చేసి మడిస్తే 16 పేజీల ఫారం అవుతుంది, అందుకే ఈ పుస్తకాలు ఎక్కువగా 16, 24 (ఒకటిన్నర ఫారం), 32 పేజీల్లో ఉంటాయి, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే ఎలాగూ నాలుగు లెక్కన పోవాలి. టైటిల్ పేజీ, ప్రచురణ వివరాల పేజీ పోగా మిగిలినవాటిలో కథ సర్దాలి. అగ్గిపెట్టెంత గళ్లు గీసుకుని అన్ని పేజీలూ ఒకే కాగితం మీద పిచ్చిగీతల్లో వేసుకుంటాను, వీటినే థంబ్‌నెయిల్స్ అంటారు. ఎక్కడ దూరం నుంచి చూపించాలి, ఎక్కడ ముఖం దగ్గరికి వెళ్లాలి, ఏ సంగతి పేజీ తిప్పేదాకా దాచాలి అన్నది ఇక్కడే తేలిపోతుంది. పిల్లవాడు "ఏమైంది?" అనుకునేది కుడి పేజీలో ఉండాలి, జవాబు తిప్పాక దొరకాలి. తర్వాత తెల్లకాగితాలు మడిచి, కుట్టి, ఉత్త డమ్మీ పుస్తకం చేసుకుని చేత్తో తిప్పి చూస్తాను. స్క్రీన్ మీద చూస్తే ఇది తెలియదు. రెండు పేజీలు కలిసే గాడిలో పాప ముఖం పడిందనుకోండి, బైండింగ్ అయ్యాక ముక్కు మాయమైపోతుంది.

ఆ తర్వాత పాత్ర. ఒకే పాపను ముందు నుంచి, వెనక నుంచి, పరిగెడుతూ, కూర్చుని, నిద్రపోతూ వేయాలి, ప్రతి పేజీలోనూ అదే పాప అనిపించాలి. ఒక్క అందమైన పోర్ట్రెయిట్ వేయగలగడానికీ దీనికీ చాలా తేడా ఉంది. జడ ఏ వైపు ఉంది, గౌను జేబు ఎక్కడుంది, ఏ చెయ్యికి గాజులున్నాయి అన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకుంటాను, ఎందుకంటే పిల్లల కళ్ల నుంచి ఏదీ తప్పించుకోలేదు. ఒక స్కూల్లో పుస్తకం చదివి వినిపిస్తుంటే వెనక బెంచీలోంచి ఒకడు లేచి "ఆ పిల్లి అన్ని పేజీల్లో ఉంది, ఇందులో ఏది?" అని అడిగాడు. ఉంది, ఆ పేజీలో బుట్ట కింద తోక మాత్రమే కనిపిస్తుంది. వాడొచ్చి వేలు పెట్టి చూపించి వెళ్లాడు, పక్కన ఉన్న టీచర్ గారు అప్పటిదాకా పిల్లినే గమనించలేదు.

తెలుగులో వచ్చే పుస్తకమైతే అక్షరాలకు చోటు ఎక్కువ వదలాలి. మన లిపికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి, పంక్తులు ఇరికిస్తే కింది పంక్తి గుడి పై పంక్తి వత్తుకి తగులుతుంది, కూడబలుక్కుని చదివే పిల్లలకు అది నరకం. ఒకే పుస్తకాన్ని చాలా భాషల్లో వేసే ప్రచురణకర్తలు ఉన్నారు, చెన్నైలోని తూలిక వాళ్లు ఇంగ్లీషుతో కలిపి తొమ్మిది భాషల్లో వేస్తారు. ఇలా పలు భాషల్లో అచ్చేసేటప్పుడు నాలుగు రంగుల ప్లేట్లలో నలుపు ప్లేటు ఒక్కటే మార్చి మిగతా మూడూ అలాగే ఉంచితే ఖర్చు తగ్గుతుంది. అందుకని అక్షరాలు నలుపులోనే ఉండాలి, ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు కుదరవు, బొమ్మలో "కిరాణా" అని షాపు బోర్డు రాయడానికీ ముందు అడగాలి. రాత్రి సన్నివేశం వేయాలంటే ఎక్కడో ఒక చోట లేత రంగు చూసుకోవాలి, నేనైతే చంద్రుడినో గోడనో పెద్దది చేసుకుంటాను.

రంగుల గురించి ఒక్క మాట. స్క్రీన్ మీద మెరిసే చిలకపచ్చ, నెమలి నీలం అచ్చులో అలా రావు, సీఎంవైకేలోకి, అంటే అచ్చుకు వాడే ఆ నాలుగు రంగుల్లోకి, మార్చగానే చప్పబడతాయి. పూత లేని మ్యాప్‌లిథో కాగితమైతే ఇంకు పీల్చుకుని ఇంకా మసకబారుతుంది, నున్నటి పూత ఉన్న ఆర్ట్ పేపర్ మీద కాస్త నయం. గోధుమరంగు ముఖాలకు నలుపు కలిపి నీడలు వేస్తే అచ్చులో ముఖం మసిబారినట్టు అవుతుంది, అందుకని నీడకు ఎరుపో ఊదానో వాడతాను. ప్రూఫ్ (అచ్చుకు ముందు తీసే నమూనా) కాగితం మీద చూస్తామని పట్టుబట్టండి. ఏ సాఫ్ట్‌వేర్ అని అందరూ అడుగుతారు, అదంత ముఖ్యం కాదు. క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ ఉచితం, దాంతో మొదలుపెట్టండి. పోస్టర్ కలర్లు వాడి స్కాన్ చేసేవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు డబ్బులు. చందమామ రోజుల్లో శంకర్ గారిలాంటి వాళ్లు ఆఫీసులో కూర్చుని నెలజీతానికి బొమ్మలు వేసేవారు. ఇప్పుడు దాదాపు అంతా ఫ్రీలాన్సే. ఒక పుస్తకానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, డబ్బులు మాత్రం కొంత అడ్వాన్సు, కొంత రఫ్‌లు ఓకే అయ్యాక, మిగతాది ఫైనల్ ఇచ్చాక వస్తాయి. ఆ మిగతాది వచ్చేసరికి ఇంకో పుస్తకం సగం అయిపోయి ఉంటుంది. పది శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుని ఇస్తారు, ఐటీ రిటర్న్ వేసి తెచ్చుకోవాలి, బద్ధకిస్తే ఆ డబ్బు వదులుకున్నట్టే. రాయల్టీ, అంటే పుస్తకం అమ్ముడైన కొద్దీ వాటా, ఇచ్చేవాళ్లు ఉన్నారు, ఒకేసారి మొత్తం ఇచ్చి చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువ. నేను మధ్యమధ్యలో స్వచ్ఛంద సంస్థలకు పోస్టర్లు, స్కూళ్లలో వర్క్‌షాపులు, తెలిసినవాళ్లకు పెళ్లికార్డులు కూడా చేస్తాను. పెళ్లికార్డుల వాళ్లు డబ్బులు టైముకిస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి.

కాంట్రాక్టు చదవకుండా సంతకం పెట్టకండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బులిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, వేయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు అవుతారు. కాబట్టి "నోటిమాట చాలులే" అంటే నష్టపోయేది మనమే. హక్కులు రాసిచ్చేటప్పుడు ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి, దేనికి అన్నది కాగితం మీద ఉండాలి. 19వ సెక్షన్ కింద గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. హక్కులు అమ్మేసినా ఆ బొమ్మ నాదని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మన దగ్గరే ఉంటుంది, అందుకని అట్ట మీద పేరు వేయమని మొహమాటం లేకుండా అడగండి. పుస్తకం కోసం నేను వేసిన బొమ్మలను ఒక ప్రచురణకర్త నాకు చెప్పకుండా క్యాలెండర్ మీద వేసుకున్నారు, కాంట్రాక్టులో "ఈ పుస్తకానికి మాత్రమే" అని ఉండబట్టి ఫోన్ చేసి గట్టిగా అడగగలిగాను, విడిగా డబ్బులిచ్చారు.

పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్ గురించి కూడా తెలుసుకోండి. తెలుగుతో సహా చాలా భాషల్లో కథలు ఉచితంగా చదువుకోవచ్చు. అక్కడి కథలు, బొమ్మలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉంటాయి, అంటే పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఊరూరా పిల్లలకు మన బొమ్మ చేరుతుంది, అది నాకు ఇష్టమే. కానీ తర్వాత రాయల్టీ అడగడానికి ఉండదు, ఆ లెక్క ముందే వేసుకుని మొదటి ఫీజు మాట్లాడుకోవాలి.

ఏఐ వచ్చింది కదా, ఇంక ఈ పని ఉంటుందా అని ఇంట్లో భయపడుతున్నారన్నారు. చవకగా పేజీలు నింపుకునే పుస్తకాలు అటు వెళ్తున్నాయి, అందులో దాపరికమేమీ లేదు. నాకు తెలిసిన ఎడిటర్లు మాత్రం ఇంకా మనిషినే పిలుస్తున్నారు. టెన్షన్ నాకూ ఉంది, దానికి నా దగ్గర మందు లేదు.

మీరు ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ జరిగితే పిల్లల పుస్తకాల స్టాళ్ల దగ్గర ఒక పూటంతా నిలబడండి. నేషనల్ బుక్ ట్రస్ట్, తార్నాకలో ఉండే "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ, ఇలా వరసగా చూసుకుంటూ వెళ్లి, నచ్చినవి కొనుక్కుని, ఎవరి శైలికి మీ చెయ్యి దగ్గరో గమనించి వాళ్లకే రాయండి. పంపేటప్పుడు విడివిడి అందమైన బొమ్మలు ఇరవై పంపొద్దు. మీకు తెలిసిన ఏదైనా చిన్న జానపద కథ తీసుకుని, వరసగా మూడు స్ప్రెడ్‌లు (ఎదురెదురు పేజీల జతలు) వేసి, అక్షరాలకు చోటు వదిలి, వాటితోపాటు మొత్తం పుస్తకం థంబ్‌నెయిల్స్ ఒక పేజీలో పెట్టి పంపండి. అదే పాత్రను నాలుగైదు భంగిమల్లో ఇంకో పేజీ. పీడీఎఫ్ సైజు తక్కువ ఉండేలా చూసుకోండి, ఎక్కువమంది ఎడిటర్లు ముందు ఫోన్‌లోనే తెరిచి చూస్తారు. నెల దాటినా జవాబు రాకపోతే ఇంకోసారి మెయిల్ పెట్టొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.