విశాఖలో కారుకి కవరు: తీసి ఆరబెట్టే మనిషి ఉంటేనే

పెదవాల్తేరులో అద్దెకి దిగామని, సెల్లారు లేక కొత్త కారుని వీధిలోనే నిలబెట్టాల్సి వస్తోందని, ఉద్యోగం వల్ల నెలలో పదీ పదిహేను రోజులు ఊళ్ళో ఉండరని రాశారు. కవరు కొంటే మంచిదా, డబ్బు దండగా అని మీ ప్రశ్న. స్కూటరు సంగతీ అడిగారు. లాసన్స్ బే కాలనీలో ఆరేళ్ళు నేను పడ్డ ఇబ్బంది సరిగ్గా ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు లేని రోజుల్లో ఆ కవరు తీసి, దులిపి, ఆరబెట్టి మళ్ళీ వేసే మనిషి ఉంటే కొనండి. లేకపోతే వద్దు. సముద్రానికి ఇంత దగ్గర్లో వేసి వదిలేసిన కవరు, అసలు కవరు లేకపోవడం కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో ఉండేవాళ్ళు "కవరు వేస్తే బండి కొత్తదానిలా ఉంటుంది" అంటే వాళ్ళ ఊరికి అది నిజమే కావచ్చు. అక్కడి బాధ ఎండ, దుమ్ము. మన బాధ ఉప్పు, తడి.

2016లో నేను మొదటి కారు కొన్నాను. ముదురు బూడిద రంగు. మా వీధి చివర నిలబడితే అలల చప్పుడు వినిపించేది. కొన్న వారానికే తొమ్మిది వందలు పెట్టి వెండి రంగు కవరు తెచ్చాను. లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉండే రకం, చుక్క నీరు కూడా దిగదు. రోజూ రాత్రి శ్రద్ధగా వేసేవాణ్ణి, పొద్దున్నే తీసేవాణ్ణి. మొదటి ఆరు నెలలూ ఇబ్బందేమీ కనిపించలేదు.

మరుసటి సంవత్సరం అక్టోబరులో చెల్లి పురిటికి రాజమండ్రి వెళ్ళి నలభై రోజులు ఉండిపోయాం. కారుకి కవరు వేసి, నాలుగు మూలలా తాళ్ళు బిగించి వెళ్ళాను. మనకి అక్టోబరు, నవంబరు అంటే తెలుసుగా, ఈశాన్య రుతుపవనాల కాలం. ఏడాదిలో ఎక్కువ వాన పడే నెల మనకి అక్టోబరే. తిరిగొచ్చి కవరు లాగితే బానెట్ మీద ఒకచోట అంటుకుపోయి ఉంది. లోపలంతా బూజు వాసన. రూఫ్ మీద, డిక్కీ మీద తెల్లటి మరకలు, అరచేయంత అరచేయంత, పాలపొర కట్టినట్టు. సీట్ల మీద కూడా బూజు లేచింది. హ్యాండ్‌బ్రేక్ వేసి వెళ్ళడంతో వెనక చక్రాలు పట్టేశాయి, మెకానిక్ వచ్చి డ్రమ్ముల మీద సుత్తితో కొడితే గాని కదల్లేదు. ఆ మరకలు చూసి నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంకా పద్దెనిమిది వాయిదాలు కట్టాల్సిన బండి అది.

ఎదురింటి అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అప్పుడన్న మాట ఇప్పటికీ గుర్తు. "వాన ఎలిసాక ఒక్కపాలి తీసేసుంటే సరిపోను బాబూ. తడిగుడ్డ మూటగట్టి పెడితే ఏటవుద్ది, కుళ్ళిపోదా?" ఆయన శ్రీకాకుళం వైపు వలల పని చేసి వచ్చిన మనిషి. తడి వలని ఆరబెట్టకుండా చుట్టి పెడితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. నాకు తెలియలేదు.

కంచరపాలెంలో ఒక టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడి పెయింటర్ గోటితో మరక గీకి చూసి, రంగు పైన ఉండే పారదర్శకమైన పూత, అంటే క్లియర్ కోటులోకి తేమ పట్టిందన్నాడు. రబ్బింగ్, పాలిష్ చేస్తే సగం పోయింది, సగం ఉండిపోయింది. తర్వాత ఆయన కారు కిందకి దూరి, డోరు అడుగు అంచు వేలితో తడిమి నాకు చూపించాడు. అక్కడ సన్నగా తుప్పు మొదలైంది. "కవరు పైన కప్పుతుంది సార్. తుప్పు కిందనుంచి వస్తుంది" అన్నాడు. ఇన్నాళ్ళుగా రోజూ రాత్రి కవరు వేసి నేను కాపాడుకున్నది రూఫ్‌ని, బానెట్‌ని. అవి అంత తొందరగా చెడేవి కావు. చెడేవి డోర్ల అడుగు అంచులు, చక్రాల పైనుండే మడ్‌గార్డు లోపలి మడతలు, సైలెన్సరు జాయింట్లు, కింద ఉండే బోల్టులు. వాటికి ఏ కవరూ అడ్డం రాదు.

ఇందులో అసలు జరిగేది ఏమిటంటే, అల విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలిలో కలిసి ఒడ్డు మీదకి వస్తుంది. నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. ఒడ్డుకి ఎంత దగ్గరుంటే అంత ఎక్కువ, లోపలికి వెళ్ళే కొద్దీ త్వరగా తగ్గిపోతుంది. అందుకే బీచ్ రోడ్డు పక్క బాల్కనీ గ్రిల్లు రెండేళ్ళకే పెచ్చులు లేస్తుంది, సీతమ్మధారలో అదే గ్రిల్లు చాలాకాలం నిలబడుతుంది. ఆ ఉప్పు పొడిగా ఉన్నంతసేపూ పెద్ద ప్రమాదం లేదు. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మాత్రం ఉప్పు ఆ తేమని పీల్చుకుని తనంతట తానే నీరవుతుంది. వానాకాలం వంటింట్లో ఉప్పు జాడీ అడుగున నీరూరడం మనింట్లో అందరూ చూసిందే. విశాఖలో ఏడాదిలో చాలా రాత్రులు తేమ ఆ గీత దాటే ఉంటుంది. అంటే వాన లేకపోయినా మీ కారు మీద ఉప్పునీటి పొర ఉన్నట్టే లెక్క. పగలు ఎండా గాలీ తగిలితే అది ఆరుతుంది. గాలాడని కవరు కింద ఆరదు. పైగా ఎండకి ఆ కవరు లోపల ఆవిరి పట్టి, రాత్రి చల్లబడి మళ్ళీ అక్కడే చెమ్మగా దిగుతుంది. ఇడ్లీ పాత్ర మూత లోపల చూసినట్టే ఉంటుంది.

రెండో నష్టం గీతలు. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి లేస్తుంది. వదులుగా ఉన్న కవరు ఆ గాలికి రోజంతా టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. కింద బండి మీద ఇసక, ఉప్పు, దుమ్ము. వడ్రంగులు గరుకు కాగితాన్ని ఉప్పుకాగితం అంటారే, సరిగ్గా అదే పని జరుగుతుంది. పైన ఉండే క్లియర్ కోటు 40, 50 మైక్రాన్ల మందం మాత్రమే, సాధారణంగా తల వెంట్రుక కంటే పల్చన. మా మావయ్యగారు మల్కాపురంలో ఉండేవారు. అక్కడ పొద్దున్న లేచేసరికి బండి మీద నల్లటి బొగ్గు పొడి ఉండేది. ఆయన దాన్ని పొడిగుడ్డతో తుడిచి, పైన కవరు వేసేవారు. మూడేళ్ళకి ఆయన తెల్లకారు ఎండలో చూస్తే సాలెగూడు అల్లినట్టు గీతలే. ఆ పొడిని నీళ్ళతో కడిగి వదిలించాలి గాని గుడ్డతో రుద్దకూడదని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఇంత చెప్పి కవరు అసలు వద్దనడం లేదు. ఎండకి రంగు వెలవడం, హెడ్‌లైట్ల అద్దం పచ్చబడడం, వైపర్ల రబ్బరు పెళుసెక్కడం నిజమే, కవరు వాటిని ఆపుతుంది. కాకి రెట్టకి కూడా అది మంచి అడ్డమే. రెట్టలో ఉండే ఆమ్లం ఎండకి వేడెక్కిన క్లియర్ కోటుని ఒక్క పూటలో తినేస్తుంది, తర్వాత ఎంత కడిగినా అచ్చు పోదు. మీ బండి ఏ రావిచెట్టు కిందో ఉంటే ఇది చిన్న విషయం కాదు.

నేను ఇప్పుడు సీతమ్మధారలో ఉంటున్నాను, పైన స్లాబు ఉన్న చోట కారు పెడతాను. వారం దాటి ఊరెళ్తేనే కవరు వేస్తాను. అది గాలాడే గుడ్డ రకం, లోపలివైపు మెత్తటి నూలు ఉంటుంది. నీరు పూర్తిగా ఆపదు, నాకు ఆపాల్సిన అవసరమూ లేదు. వెళ్ళే ముందు కారు కడిగి, రెండు గంటలు ఎండలో నిలబెట్టి, డోర్లు తీసి అంచులు ఆరనిచ్చి అప్పుడు వేస్తాను. హ్యాండ్‌బ్రేక్ వేయను, గేరులో పెట్టి చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెడతాను. నెల దాటితే బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేస్తాను. ఎంత దూరంలో ఉన్నా ఇక్కడి వాచ్‌మన్‌కి వారానికోసారి ఫోన్ చేస్తాను. ఆయన కవరు తీసి గోడ మీద ఆరేసి, ఓ పూట తర్వాత మళ్ళీ వేస్తాడు. కవరు ఖరీదు కన్నా ఆయనకి ఇచ్చే డబ్బు ఎక్కువవుతుంది. ఆ డబ్బు ఇవ్వడం నాకు ఇష్టమే, ఎందుకంటే బండిని కాపాడుతున్నది ఆయనే.

మీ విషయానికి వస్తే, వీధిలో, ఆకాశం కింద, ఎవరూ చూడని కారుకి నేనైతే కవరు బదులు ఆ రెండు మూడు వేలు వేరేగా ఖర్చు పెడతాను. వారానికోసారి మంచినీళ్ళతో కడగడం, ముఖ్యంగా చక్రాల గూళ్ళలోకి, కిందకి పైపు పెట్టి కొట్టించడం. డోరు అడుగున నీరు పోయే సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలో మట్టి చేరితే డోరు లోపలే నీరు నిలుస్తుంది, అగ్గిపుల్లతో శుభ్రం చేసుకోండి. రెండు మూడు నెలలకోసారి వాక్స్ పట్టించండి. కింద యాంటీ రస్ట్ కోటింగ్ వేయించకపోతే కొత్త బండిగా ఉన్నప్పుడే వేయించేయండి, తుప్పు మొదలయ్యాక దాని మీద పూస్తే లోపల్లోపలే తింటుంది. ఎండకి ముందద్దానికి మడత అట్ట ఒకటి చాలు, డ్యాష్‌బోర్డు బతుకుతుంది.

అన్నీ విన్నాక కూడా కవరే వేస్తానంటే రెండు జాగ్రత్తలు. తుఫాను హెచ్చరిక వస్తే ముందు కవరు తీసేయండి. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ రోజు, మా నాన్నగారి మారుతీ 800 ఎంవీపీ కాలనీలో బాదం చెట్టు పక్కన కవరుతోనే ఉంది. గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి అది. కొమ్మ విరిగి రూఫ్ మీద పడింది, అది ఏ కవరూ ఆపేది కాదు. కానీ చిరిగిన కవరు తాడు కొసకి ఉన్న ఇనుప కొక్కెం సాయంత్రం దాకా ఊగుతూ బానెట్‌నీ ముందద్దాన్నీ కొట్టిన దెబ్బలు మాత్రం మేం చేతులారా తెచ్చుకున్నవి. కొమ్మ పడి లోపలికి పోయిన రూఫ్‌ని టింకరింగ్ చేయించి సరిచేశాం. ఆ గీతలు బండి అమ్మేవరకూ ఉన్నాయి.

రెండోది దీపావళి. మన వీధుల్లో తారాజువ్వలు ఎటు పోతాయో ఎవరికీ తెలియదు. ప్లాస్టిక్ పూత ఉన్న కవరు మీద నిప్పురవ్వ పడితే కరిగి రంగుకి అంటుకుంటుంది, లేదా మొత్తం అంటుకుంటుంది. ఆ రాత్రి కవరు మడిచి ఇంట్లో పెట్టుకోండి, వీలైతే కారునే ఎవరిదైనా గేటు లోపల పెట్టండి.

స్కూటరుకి మాత్రం నా మాట వేరు. సీటు చిరగకుండా, మీటరు అద్దం మసకబారకుండా కవరు పనికొస్తుంది, బండి చిన్నది కాబట్టి తీసి వేయడమూ సులువే. ఆఫీసు నుంచి రాగానే మాత్రం వేయకండి, సైలెన్సరు వేడికి కవరు కరిగి పీక్కుపోతుంది, ఆ మచ్చ పోదు. అరగంట ఆగండి. సైడు స్టాండు మీద పెట్టి కవరు వేస్తే గాలికి అది తెరచాపలా ఉబ్బి బండిని పడేస్తుంది, సెంటర్ స్టాండు వేయండి. వానాకాలంలో కవరు కిందనుంచి జానెడు ఖాళీ వదిలి కట్టండి, గాలి ఆడుతుంది. మీరు లేని పదిహేను రోజులూ స్కూటరుని మెట్ల కింద పెట్టుకోనిస్తారేమో ఇంటి ఓనరుగారిని అడిగి చూడండి. పెదవాల్తేరు పాత ఇళ్ళల్లో చాలామంది ఒప్పుకుంటారు.

కారు నిలబెట్టే చోట ఏ చెట్టు ఉందో మీరు రాయలేదు. వేపో గానుగో అయితే జిగురు పడుతుంది, బాదం అయితే కాయలు రాలి మరకలవుతాయి. అది రాస్తే ఏ పక్కకి జరిపి పెట్టుకోవాలో, కవరు లేకుండా ఎలా గడపొచ్చో ఇంకొంచెం చెప్పగలను.