యాక్సిలరేటర్ తొక్కితేనే కారులో చప్పుడు ఎందుకు వస్తుంది?

మీ పెట్రోల్ కారు యాక్సిలరేటర్ తొక్కితే చప్పుడు చేస్తోంది, వదిలితే ఆగుతోంది అన్నారు. ముందు ఒక పని చేయండి. ఆరుబయట హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో కొద్దిగా రేస్ చేయండి. అప్పుడూ వస్తే ఇంజన్, సైలెన్సర్ వైపు చూడాలి. బండి కదిలితేనే వస్తే ఎక్కువగా చక్రాలు, యాక్సిల్, గేర్‌బాక్స్.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోనిస్తే టకటకమంటోందా? దాదాపుగా ముందు యాక్సిల్ సీవీ జాయింటే (యాక్సిల్‌ను చక్రానికి కలిపే కీలు). చక్రం వెనక దాని రబ్బరు తొడుగు (బూట్) చిరిగి, గ్రీజు చుట్టూ చిమ్మి ఉంటుంది. బూట్ చిరిగిన కొత్తలోనే చూసుకుంటే బూట్, గ్రీజు మారిస్తే చాలు. చప్పుడు మొదలైందంటే జాయింట్ అరిగినట్టే, కొత్తది వేయించక తప్పదు.

ఘాట్ ఎక్కుతున్నప్పుడో, పై గేర్‌లో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారిగా తొక్కినప్పుడో డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తే అది నాకింగ్. సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి మండడం వల్ల వస్తుంది. ఇంజన్‌పై లోడ్ పడితేనే వస్తుంది కాబట్టి న్యూట్రల్ పరీక్షలో దొరకదు. వెంటనే గేరు తగ్గించండి. అయినా పోకపోతే స్పార్క్ ప్లగ్‌లు, పేరుకున్న కార్బన్, నాకింగ్‌ను పసిగట్టే నాక్ సెన్సర్ చూపించండి. దయచేసి దీన్ని వాయిదా వేయకండి, పిస్టన్లు దెబ్బతింటాయి.

పొద్దున్నే చల్లటి ఇంజన్‌లో టిక్‌టిక్‌మని, వేడెక్కాక తగ్గితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ పొగను సైలెన్సర్ వైపు పంపే గొట్టాలు) గ్యాస్కెట్ లీకై ఉండొచ్చు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు క్యాబిన్‌లోకి రావచ్చు, బాగయ్యేదాకా అద్దాలు దించే నడపండి. కీచుమంటే మాత్రం ముందు ఇంజన్ బెల్టు చూడండి.

మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండ్ తిప్పండి. షెడ్డులో నిలబెట్టి వింటే ఇందులో సగం చప్పుళ్లు వినపడవు.