చెవికెక్కిన కథ కంటికెందుకు ఎక్కదు?

ప్రశ్న: మావాడు ఐదో తరగతి. వాళ్ళ అమ్మమ్మ కథ చదివి వినిపిస్తే ఒక్క ముక్క పోకుండా తిరిగి చెప్తాడు. అదే పుస్తకం చేతికిస్తే కూడబలుక్కుని పేజీ పూర్తిచేస్తాడు గానీ, కథేమిటిరా అంటే బిక్కమొహం వేస్తాడు. శ్రద్ధ లేకనా?
— ఒక తల్లి, కందుకూరు

జవాబు: శ్రద్ధ లేనివాడు విన్న కథను అంత చక్కగా అప్పజెప్పలేడమ్మా. పుస్తకం మరీ దగ్గరగా పెట్టుకుంటున్నా, తలనొప్పి అంటున్నా కంటి డాక్టరుకు ఒకసారి చూపించండి. అవి లేకపోతే ఇది చదువు దగ్గరి చిక్కే.

అమ్మమ్మ చదివేటప్పుడు అర్థం చేసుకునే పనిలో సగం ఆమె గొంతే చేసేస్తుంది. ఈ వాక్యం చూడండి: ‘గేదె పలుపు తెంచుకుందని చెప్పడానికొచ్చిన పిల్లాడి వెనకాలే వాళ్ళ నాయన పరిగెత్తాడు.’ మన భాషలో ‘అని’ మాట తర్వాత వస్తుంది, క్రియ చివరికి వస్తుంది. అమ్మమ్మ ‘తెంచుకుందని’ దగ్గర గొంతు మారుస్తుంది, ‘వెనకాలే’ దగ్గర కాస్త ఆగుతుంది. మీవాడు ఒక్కో అక్షరం పట్టుకుని వచ్చేసరికి ‘పిల్లాడి’ దగ్గర ఊపిరి అయిపోతుంది. పరిగెత్తిందెవరంటే పిల్లాడేనంటాడు.

చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాలు విప్పుకునే శక్తిని, భాష తెలియడంతో హెచ్చవేయగా వచ్చేదని గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పారు. కూడిక కాదు, హెచ్చవేత. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే.

ఏది తక్కువో ఇంట్లోనే చూడొచ్చు. వాడెన్నడూ వినని, ఒకే స్థాయి కథలు రెండు తీసుకోండి, పదిహేనేసి వాక్యాలవి. ఒకటి మీరు చదివి వినిపించండి. మర్నాడు రెండోది వాణ్ణే మనసులో చదువుకోమనండి. పైకి చదివిస్తే ధ్యాసంతా ఉచ్చారణ మీదికి పోతుంది. రెండుసార్లూ ముందు కథ చెప్పమని, తర్వాత ఐదు ప్రశ్నలు వేయండి: రెండు నేరుగా కథలో ఉన్నవి, రెండు ‘ఎందుకు’ అన్నవి, ఒకటి ‘తర్వాత ఏమై ఉంటుంది’ అన్నది. విన్నది బాగా చెప్పి, చదివింది చెప్పలేకపోతే లోటు అక్షరాల దగ్గరే. రెండూ చెప్పలేకపోతే మాటలే తెలియవన్నమాట. అప్పుడు కావలసింది మరో వైద్యం.

మీరు రాసినదాన్నిబట్టి లోటు మొదటిదే. రోజుకు 15 నిమిషాలు చాలు. ఐదారు వాక్యాల ముక్క తీసుకుని పెన్సిలుతో గీతలు పెట్టండి: ‘గేదె పలుపు తెంచుకుందని / చెప్పడానికొచ్చిన పిల్లాడి వెనకాలే / వాళ్ళ నాయన పరిగెత్తాడు.’ ముందు మీరు చదవండి. వేలు అక్షరం కింద కాదు, గీత నుంచి గీతకు జరగాలి. తర్వాత ఇద్దరూ కలిసి, ఆపైన వాడొక్కడే. మర్నాడు అదే ముక్క మళ్ళీ. తడబడిన ఒత్తుల మాటలు విడిగా రాయించండి.

చాలా ఇళ్ళల్లో ఇది చెడేది ఒకచోటే: తప్పు పలికిన ప్రతిసారీ మధ్యలో ఆపి దిద్దడం. దిద్దుబాటు పూర్తయ్యేసరికి వాక్యం మొదలేమిటో వాడికి గుర్తుండదు. చుక్క దాకా పోనివ్వండి. నాలుగోసారికి చూడకుండానే అప్పజెప్తుంటే, మధ్య వాక్యం నుంచి మొదలుపెట్టించండి. అమ్మమ్మ కథలు మాత్రం మానిపించకండి. కొత్త మాటలు వాడికి వచ్చే దారి అదే.

ప్రశ్న: కావలి నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో పోతూ ఫోన్‌లో కథలు వింటాను. చదివినట్టు లెక్కేనా?
— ఒక ఉద్యోగి, కావలి

జవాబు: కథ వరకు లెక్కే. 2016లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో పెద్దవాళ్ళను మూడు జట్లు చేశారు. ఒక జట్టు పుస్తకభాగం విన్నది, ఒకటి తెరమీద చదివింది, మూడోది రెండూ కలిపి చేసింది. వెంటనే అడిగినా, రెండు వారాల తర్వాత అడిగినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పాఠంలాంటి వ్యాసాలతో అయితే 2010లో మరొకచోట విన్న విద్యార్థులే వెనకబడ్డారు. చదివేవాడి కన్ను అర్థం కానిచోట తనంతట తానే వెనక్కి పోతుంది. వినేవాడి చెయ్యి బటన్ దాకా పోదు, పైగా పరధ్యానం తెలియకుండా వచ్చేస్తుంది. ‘ఈవిడెవరబ్బా’ అనిపించగానే 30 సెకన్లు వెనక్కి నొక్కండి. టికెట్లు, చిల్లర లెక్కలు ఉన్నప్పుడు ఆపేయండి. వేగం 1.25 దాకా పర్లేదు, పాత్రలు ఎక్కువున్న కథకు అదీ వద్దు.

ప్రశ్న: తిక్కన పద్యం పాడితే వినసొంపుగానే ఉంటుంది, అర్థం కాదు. హరికథ మాత్రం చదువురానివాళ్ళకూ అర్థమయ్యేది. ఎందుకని?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: హరికథకు వచ్చినవాళ్ళకు కథ ముందే తెలుసు. కీచకుడు చస్తాడని తెలిసే, ఎలా చచ్చాడో వినడానికి వచ్చేవారు. దాసుగారు పద్యం పాడి ఊరుకోరు, వచనంలో విడమరుస్తారు. పద్యంలో పాదం చివర మాట సగంలో తెగి తర్వాతి పాదంలోకి పోతుంటుంది. గాయకుడు పాదం దగ్గర ఆగితే మాట రెండు ముక్కలై చెవిన పడుతుంది. తిక్కన మొదలుపెట్టిన విరాటపర్వంతోనే మొదలుపెట్టండి. ఆ ఘట్టం కథ వచనంలో చదివి, పద్యాన్ని సంధులు విడదీసి కాగితం మీద రాసుకుని, క్రియ ఎక్కడుందో వెతికి దాని కింద గీత గీయండి. అప్పుడు కాగితం పక్కన పెట్టి వినండి.