ప్లాటు అమ్మకండి, రాజీ కాగితం మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: మా ఆయనకు 38 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం, జీతం 35 వేలు. నాలుగు నెలల క్రితం ఆయన బైకును కారు ఢీకొట్టింది. తలకు పెద్ద దెబ్బ తగిలి, కంటి నరాలు దెబ్బతిని రెండు కళ్లూ పోయాయి. ఇక చూపు రాదన్నారు. కారు ఓనర్ 3 లక్షలిస్తా, కేసు వద్దంటున్నాడు. ప్లాటు అమ్మి హోమ్ లోన్ తీర్చేయమని మరిది అంటున్నాడు. ఏం చేయాలి? - ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: అమ్మా, ముందు ఆ 3 లక్షల సంగతి. కారుకు ఇన్సూరెన్స్ ఉంటే పరిహారం కట్టేది ఓనర్ కాదు, బీమా కంపెనీ. రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ (కోర్టు లాంటిది) ఏడాది ఆదాయాన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చిస్తుంది. 36-40 ఏళ్ల వాళ్లకు అది 15. మీ ఆయన ఏడాది జీతం 4.2 లక్షలు కాబట్టి లెక్క 63 లక్షల దాకా వెళ్తుంది. సంపాదించే శక్తి పూర్తిగా పోలేదన్నా, తప్పులో ఆయన వాటా ఉందన్నా తగ్గుతుంది. ఆస్పత్రి ఖర్చులు వేరే అడగాలి. ఎంత తగ్గినా 3 లక్షలకు ఒప్పుకునే కేసు కాదిది. 2022 ఏప్రిల్ నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే పిటిషన్ వేయాలన్న నిబంధన ఉంది. మీ చేతిలో రెండు నెలలే ఉన్నాయి. నల్గొండలోనే వేయొచ్చు. ఎఫ్ఐఆర్, డిశ్చార్జ్ సమ్మరీ, పే స్లిప్పులతో ఈ వారమే లాయర్‌ను కలవండి. వైకల్య సర్టిఫికెట్‌కు (ఇదివరకటి సదరం, ఇప్పుడు యూడీఐడీ) కూడా ఇప్పుడే స్లాట్ బుక్ చేయండి, అన్నిచోట్లా అదే అడుగుతారు.

బైకు ఆయన పేరున ఉండి, లైసెన్సు ఉంటే, బైకు పాలసీలో ఓనర్-డ్రైవర్ కవర్ (బండి నడిపే యజమానికి ప్రమాద బీమా) ఉందేమో చూడండి. రెండు కళ్లూ పోతే 15 లక్షలూ ఇవ్వాలి. చనిపోతేనే వస్తుందనుకుని చాలామంది అడగనే అడగరు. పాస్‌బుక్‌లో ఏటా 20 రూపాయలు కట్ అయి ఉంటే అది సురక్షా బీమా, 2 లక్షలు. ఆలస్యమైనా రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టండి. ఎల్ఐసీ పాలసీలుంటే యాక్సిడెంట్ రైడర్ (ప్రమాదానికి అదనపు బీమా) ఉందేమో అడగండి.

ఉద్యోగానికి రాజీనామా ఇప్పించకండి, పీఎఫ్ తీసేయకండి. సర్వీసులో ఉండగా ఆ పని ఇక చేయలేని స్థితి వస్తే ఈపీఎఫ్ పెన్షన్ స్కీములో పింఛను ఉంది, పదేళ్ల సర్వీసు అక్కర్లేదు.

ఎవరైనా ఆయన చేత జీపీఏ (ఆయన తరఫున లావాదేవీలు చేసే అధికారం వేరొకరికిచ్చే పత్రం) రాయించమంటే కూడా ఆగండి. చూపు లేనివారికీ ఖాతా, చెక్‌బుక్, ఏటీఎం ఇవ్వాల్సిందేనని ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. ఆయనకు పోయింది చూపే కదా, ఆలోచన కాదు.

ఇక లోన్. తీసుకున్నప్పుడు దానికి ఇన్సూరెన్స్ కట్టించారేమో, అందులో అంగవైకల్యం ఉందేమో బ్రాంచిలో అడగండి. లేకపోతే ఈఎంఐ తగ్గించి గడువు పెంచమని అర్జీ పెట్టండి. ఇల్లు గడవడానికి గోల్డ్ లోన్ తీసుకున్నా పర్లేదు. ప్లాటు జోలికి మాత్రం ఈ క్లెయిములు తేలేదాకా వెళ్లకండి.