చెరువు బురద లోపల నల్లగా ఎందుకుంటుంది?

చిత్తూరు పక్క చెరువుల్లో నీళ్లు తగ్గాక, మట్టి పొలాలకు తోలేటప్పుడు పైపొర గోధుమరంగులో, లోపల నల్లగా, వాసనగా ఉంటుంది, ఎందుకని అడిగారు.

అది సూక్ష్మజీవుల పని. రాలిన ఆకులు, చచ్చిన నాచు అడుగుకు చేరితే బ్యాక్టీరియా ఎంజైములు వదిలి వాటిని విడగొడతాయి. ఆక్సిజన్ సాధారణంగా పైనున్న కొద్ది మిల్లీమీటర్లలోనే అయిపోతుంది. ఆ కింద ఉండే బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు నైట్రేట్, మాంగనీస్, ఇనుము, సల్ఫేట్‌లను వరసగా వాడుకుంటాయి. నాకు ఎప్పటికీ అబ్బురమే ఇది: గాలి లేనిచోట ఇనుప తుప్పుతో ఊపిరి తీసుకోవడం! సల్ఫేట్ నుంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌దే ఆ కుళ్లిన గుడ్డు వాసన. అది ఇనుముతో కలిస్తే నలుపు.

మంచినీటి చెరువుల్లో సల్ఫేట్ తక్కువ. అందుకే విడగొట్టడంలో చివరి పని ఆర్కియా అనే వేరే రకం సూక్ష్మజీవులది, అవి మీథేన్ వాయువు తయారుచేస్తాయి. బురదలో కర్ర గుచ్చితే లేచే బుడగల్లో ఎక్కువగా ఉండేది అదే. చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థం మాత్రం గాలి తగలకపోతే ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.